వాషింగ్టన్ స్టేట్: స్కూల్ లెవీ గురించి డిస్ట్రిక్ట్ పంపే కార్డు ప్రచారం కిందకి రాదా?

రెడ్మండ్_నాన్న
ఫిబ్రవరి ఎలక్షన్‌లో లెవీ (స్కూళ్ల ఖర్చుకి ఓటర్లు ఒప్పుకుంటే ఇళ్ల మీద వేసే పన్ను) ఉందని మా స్కూల్ డిస్ట్రిక్ట్ (మా ఏరియా పబ్లిక్ స్కూళ్లు నడిపే సంస్థ) పెద్ద కార్డు పంపింది. పాస్ కాకపోతే ఏ ప్రోగ్రాములు పోతాయో, ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకి పన్ను ఎంతో రాశారు, ‘యెస్ వేయండి’ అని మాత్రం ఎక్కడా లేదు. కానీ ఒక టీచర్ స్కూల్ ఈమెయిల్ నుంచే తల్లిదండ్రులందరికీ యెస్ వేయమని రాశారు. నేను లెవీకి అనుకూలమే, అయినా మన పన్ను డబ్బుతో ఇలా చేయొచ్చా?

బాతెల్_శ్రీ
కార్డు వరకు ఓకే అండి, ఈమెయిల్ మాత్రం కుదరదు. రాష్ట్ర చట్టం (2025 చివరి దాకా ఆర్‌సీడబ్ల్యూ 42.17ఎ.555, 2026 నుంచి టైటిల్ 29బి కిందకి మారింది) ప్రకారం డిస్ట్రిక్ట్ ఆఫీసు, సిబ్బంది పనివేళలు, ఈమెయిల్, కాపీ మిషన్ ఏదీ బ్యాలట్ మీద ఉన్న అంశానికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ వాడకూడదు. డిస్ట్రిక్ట్ అంతటికీ నిష్పాక్షికమైన సమాచారం ఒకసారి పంపితే పబ్లిక్ డిస్‌క్లోజర్ కమిషన్ (ఎన్నికల ప్రచార నియమాలు చూసే రాష్ట్ర సంస్థ) మామూలుగా తప్పు పట్టదు. ఓడిపోతే ఏం జరుగుతుందో కూడా చెప్పొచ్చు, అది నిజమై ఉండాలి, భయపెట్టేలా ఉండకూడదు. ఓటు వేయమని గుర్తు చేయొచ్చు, ఎటు వేయాలో చెప్పకూడదు. అదే టీచర్ పని అయ్యాక సొంత ఫోన్ నుంచి ఎంత ప్రచారం చేసినా ఆవిడ ఇష్టం.

ఇసాక్వా_వాణి
స్కూల్ బోర్డుకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మీటింగ్ నోటీసులో ఆ అంశం పేరు, నంబరు ముందే పెట్టి, బహిరంగ సమావేశంలో వ్యతిరేకులకీ దాదాపు సమానంగా మాట్లాడే అవకాశం ఇస్తే, లెవీకి మద్దతుగా తీర్మానం చేయొచ్చు.

నాకు అంతకన్నా ముఖ్యం అనిపించేది ఆ కార్డు మీది రేటు, ఎందుకంటే అది అంచనా మాత్రమే. మనం ఓటేసేది ఏడాదికి ఇన్ని డాలర్లు అనే మొత్తానికి, ఇళ్ల విలువలు అందరివీ పెరిగితే రేటు దిగుతుంది, అంతేగానీ డిస్ట్రిక్ట్‌కి ఆ మేరకు ఎక్కువ డబ్బు రాదు. ఈ సంగతి కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. హెచ్1బీ మీద ఉండి ఇల్లు కొన్నవాళ్లకి ఓటు లేదు, పన్ను మాత్రం కట్టాలి, కాబట్టి వాళ్లూ బోర్డు మీటింగ్‌కి వెళ్లి మొత్తం ఎంత అని అడగాలి.

రెడ్మండ్_నాన్న
థాంక్స్ అండి. లెవీ పాస్ కావడానికి 60 శాతం కావాలా?

బాతెల్_శ్రీ
అది బాండ్‌కి (స్కూల్ బిల్డింగుల లాంటివాటికి చేసే అప్పు). లెవీకి 2007 నుంచి సగం దాటితే చాలు. ఈమెయిల్ విషయం ముందు ప్రిన్సిపాల్‌కి చెప్పండి, చాలామందికి ఈ రూల్ తెలియదు. ఆగకపోతే ఈమెయిల్ కాపీతో కమిషన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.