రో తీర్పు రద్దయి మూడేళ్లు: మన పిల్లలకు ఇంత పట్టుదల ఎందుకు?

ప్లేనో శాస్త్రి
అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో 2022 జూన్ 24న తీర్పునిచ్చి, గర్భస్రావాన్ని రాజ్యాంగపు హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టివేసి మూడేళ్లు గడిచాయి. మా అమ్మాయి డాలస్‌లో వైద్యవిద్య ముగించబోతోంది. సెప్టెంబరులో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో చేసే ప్రత్యేక శిక్షణకు, దరఖాస్తులు పెట్టాలి. స్త్రీల వైద్యం, ప్రసూతి విభాగం ఎంచుకుని, టెక్సాస్‌లో ఒక్క ఆసుపత్రికి కూడా దరఖాస్తు పెట్టనని తేల్చి చెప్పింది. కారణం ఈ తీర్పేనట. ఎమర్జెన్సీని చూసిన తరం మాది. చట్టాలు వస్తాయి, పోతాయి, మనిషి తన బతుకు తాను చూసుకుంటాడు. పెళ్లి కూడా కాని పిల్ల, తనకు సంబంధం లేని చట్టం కోసం పుట్టి పెరిగిన ఊరు విడిచిపోతాననడం ఏమి విజ్ఞత? మీ ఇళ్లలోనూ ఇలాగే ఉందా?

చట్టం చదివినవాడు
ముందుగా ఒక స్పష్టత అవసరం. సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని నిషేధించలేదు. నిర్ణయాన్ని రాష్ట్రాలకు, అంటే ప్రజలు ఎన్నుకున్న శాసనసభలకు వదిలింది. ఇక్కడ చాలామంది కోర్టు నిషేధించిందన్నట్లు రాస్తుంటారు. అది తప్పు.

హ్యూస్టన్ నర్సు
శాస్త్రిగారూ, మీ అమ్మాయికి సంబంధం లేని చట్టమని ఎలా అనగలరండీ? 2022 ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో అమలవుతున్న గర్భస్రావ నిషేధ చట్టం గర్భిణిని శిక్షించదు, వైద్యురాలిని శిక్షిస్తుంది. నేరం రుజువైతే యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు, కనీసం లక్ష డాలర్ల జరిమానా ఉంటుంది, లైసెన్సు పోతుంది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి కూడా మినహాయింపు లేదు. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంది కానీ, ఆ ముప్పు ఎంత దగ్గరకు వస్తే చాలునో తేలక వైద్యులు వకీళ్లకు ఫోన్లు చేసిన రోజులు నేను చూశాను. దానికి స్పష్టత ఇస్తున్నామంటూ శాసనసభ 2025లో మరొక చట్టం చేయవలసి వచ్చిందంటే, మొదటిది ఎంత స్పష్టంగా ఉండేదో మీరే ఊహించుకోండి. గర్భం దానంతటదే పోయి రక్తస్రావమవుతున్న స్త్రీకి ఇచ్చే మందులు, గర్భాశయాన్ని శుభ్రం చేసే డీ అండ్ సీ కూడా గర్భస్రావానికి వాడేవే. మీ అమ్మాయి అడుగుతున్నది తన పని తాను పూర్తిగా నేర్చుకోగలిగే చోటు మాత్రమే.

కొలను
మా ఇంట్లోనూ ఇదే గొడవ. అందరూ రాయండి, చదువుతున్నాను.

నిడదవోలు
చట్టం చదివినవారికి. రాష్ట్రాలకు వదిలారని అంత తేలికగా అనవద్దు. కాన్సాస్ వంటి సంప్రదాయ రాష్ట్రంలో 2022 ఆగస్టులో ప్రజలను నేరుగా అడిగితే, హక్కును తొలగించే సవరణను సుమారు 59 శాతం మంది తిరస్కరించారు. ఫ్లోరిడాలో 2024లో 57 శాతం మంది హక్కు వైపు ఓటు వేసినా, 60 శాతం రావాలన్న నిబంధన వల్ల ఓడిపోయారు. టెక్సాస్‌లోనైతే పౌరులు సంతకాలు సేకరించి ఒక ప్రశ్నను రాష్ట్రమంతటా ఓటుకు పెట్టే ఏర్పాటే లేదు. ఇక ప్రజలు నిర్ణయించేది ఎలా? ఆరుగురు న్యాయమూర్తులు కూర్చుని యాభై ఏళ్ల హక్కును తీసేశారు, అంతే.

చట్టం చదివినవాడు
ఆరుగురు కాదు. డాబ్స్ కేసుకు మూలమైన, పదిహేను వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధించే మిసిసిపీ రాష్ట్రపు చట్టాన్ని సమర్థించినవారు ఆరుగురు, రో తీర్పును రద్దు చేసినవారు ఐదుగురు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ మొదటిదానికి ఒప్పుకుని, రెండవదాని వరకు వెళ్లనవసరం లేదని వేరుగా రాశారు.

నిడదవోలు
ఐదుగురైనా ఆరుగురైనా టెక్సాస్ స్త్రీకి ఒరిగేదేమిటి?

చట్టం చదివినవాడు
వాస్తవం ఒరుగుతుంది.

కేటీ వాసి
ఇది తరాల గొడవ అని మీరంతా ముందే తీర్మానించుకున్నట్లున్నారు. నా వయసు ఇరవై ఏడు. గుంటూరులో పుట్టాను, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాను, ఆదివారం తెలుగు ఆరాధనకు వెళతాను. గర్భంలో ఉన్నది ప్రాణమే అని నమ్ముతాను కాబట్టి డాబ్స్ తీర్పు వచ్చిన రోజు దేవునికి స్తుతి చెల్లించాను. యువతరం అనగానే అందరూ ఒకే మాట మీద ఉంటారనుకోవడం, పెద్దవారందరూ చాదస్తులనుకోవడం రెండూ సోమరితనమే.

ప్లేనో శాస్త్రి
కేటీ వాసిగారు చెప్పినది నాకు నచ్చింది. మన శాస్త్రాలు కూడా భ్రూణహత్యను మహాపాతకమనే చెప్పాయి. అయినా నేను నిషేధం కోరేవాడిని కాను. ఈ విషయంలో వీధికెక్కే అవసరమేమిటన్నదే నా ప్రశ్న. భారతదేశంలో 1971లోనే గర్భస్రావాన్ని అనుమతిస్తూ చట్టం చేశారు. ఎవరూ ఊరేగింపు చేయలేదు, ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. మా బంధువర్గంలో అవసరమైనవారు గుట్టుగా వెళ్లి చేయించుకుని వచ్చారు. ఇది నాలుగు గోడల మధ్య జరిగే సంగతి.

నిడదవోలు
గొడవ ఎందుకు లేదో కూడా చెప్పండి. ఆ చట్టాన్ని మనమెవరమూ అడిగి తెచ్చుకోలేదు. 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షా కమిటీని వేసింది. చాటుమాటు గర్భస్రావాలలో తల్లులు చనిపోవడం ఒక కారణమైతే, జనాభాను తగ్గించాలన్న ఆరాటం వెనుక ఉండనే ఉంది. గోడల మీద ఎర్ర త్రికోణం, మేమిద్దరం మాకిద్దరు అన్న నినాదం మీకు గుర్తుండే ఉంటాయి. గర్భనిరోధం విఫలమైందన్న కారణం చూపే వీలు 1971 చట్టంలో వివాహిత స్త్రీకే ఉండేది. ఆ గీతను 2021 సవరణ చెరిపింది, అవివాహితలకూ ఇరవై నాలుగు వారాల వరకు అవకాశం ఉందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. నేటికీ అక్కడ కావాలనుకున్నది స్త్రీ అయినా, సరేననవలసినది వైద్యుడే. అంటే మన తరానికి ఇది ప్రభుత్వం ఇచ్చిన సదుపాయంగా తెలుసు, హక్కుగా తెలియదు. ఏనాడూ హక్కుగా అనుభవించనిది ఇక్కడ పోతే, పోయినట్లు మనకెందుకు అనిపిస్తుంది?

రెండు వేలలో పుట్టినదాన్ని
నిడదవోలుగారు మర్యాదగా చెప్పినదాన్ని నేను సూటిగా చెబుతాను. డాబ్స్ తీర్పుతోపాటు న్యాయమూర్తి థామస్ వేరుగా రాస్తూ, గర్భనిరోధకాల హక్కు, స్వలింగ వివాహ హక్కు ఇచ్చిన తీర్పులను కూడా పునఃపరిశీలించాలన్నారు. నా వయసువాళ్లకు భయం ఎందుకో ఇప్పటికైనా అర్థమవుతుందా? ఇక శాస్త్రిగారి బాధ చట్టం గురించి కాదు. కూతురు ఊరు మారుతున్నానని తెలియజేసిందే తప్ప మారవచ్చునా అని అడగలేదు. ఆయన మొదటి టపా మళ్లీ చదవండి, అందులో స్త్రీల గురించి ఒక్క వాక్యం లేదు.

చట్టం చదివినవాడు
థామస్ అభిప్రాయం ఆయన ఒక్కరిదే. మెజారిటీ తీర్పు రాసిన అలీటో దీని ప్రభావం మిగిలిన హక్కుల మీద ఉండదని రాశారు.

ప్లేనో శాస్త్రి
అమ్మాయీ, నీవెవరో నాకు తెలియదు, నా ఇంటి సంగతి నీకు తెలియదు. రెండేసి ఉద్యోగాలు చేసి ఈ దేశంలో పిల్లలను చదివించినవాడిని పట్టుకుని ఇలా రాయడానికి నీకు ఎవరు నేర్పారు? ప్రతి తండ్రినీ నేరస్థుడిగా చూడటమే మీ తరానికి తెలిసిన సంస్కరణ.

నిర్వాహకులు
వ్యక్తిగత వ్యాఖ్యలు ఇద్దరూ ఆపగలరు.

కృష్ణాతీరం
నేను ఇక్కడ ఎక్కువగా రాయను. శాస్త్రిగారు గుట్టుగా చేయించుకుని వచ్చారని రాసిన మాట చూశాక ఊరుకోలేకపోయాను. ఆ వచ్చినవారిలో నేనొకతెను. 1989లో, విజయవాడలో. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో గాని రాలేదు కాబట్టి, స్కాన్ చేసినవారు మా అత్తగారితో మూడవది కూడా ఆడపిల్లేనని నిస్సంకోచంగా చెప్పారు. నాతో చెప్పలేదు. మరుసటి రోజు నన్ను తీసుకువెళ్లారు. కాగితం మీద నా సంతకమే ఉంది, ఎందుకంటే చట్టం ప్రకారం భర్త సంతకం అవసరం లేదు, స్త్రీ అంగీకారం చాలు. ఎంత గొప్ప చట్టమో చూడండి. శాస్త్రిగారు అన్న నాలుగు గోడల మధ్యనే ఇదంతా జరిగింది, ఎవరూ ఊరేగింపు చేయలేదు.

కేటీ వాసి
అమ్మగారూ, మీ బాధకు నా కన్నీళ్లు. నేను ఇంతకాలం చెబుతున్నది ఇదే. గర్భస్రావాన్ని సులభం చేస్తే జరిగేది ఇదే, ముందుగా బలయ్యేది ఆడపిల్లలే.

కృష్ణాతీరం
నా బిడ్డను నీ వాదానికి సాక్ష్యంగా నిలబెట్టవద్దు బాబూ. ఆ రోజు నిషేధం ఉండి ఉంటే మా అత్తగారు చాటుగా మరొకచోటికి తీసుకువెళ్లేది, బహుశా నేనే బతికి ఉండేదాన్ని కాదు. నన్ను అడిగి ఉంటే ఆ బిడ్డ ఉండేది. మీ టెక్సాస్ చట్టం కూడా స్త్రీని అడగదు, మా అత్తగారూ అడగలేదు. నాకు ఈ రెండూ ఒకే కోవలోనివిగా కనిపిస్తాయి. శాస్త్రిగారికి చట్టంతో పేచీ లేదని నేను నమ్ముతాను. ఇంటివారు నిర్ణయిస్తే గర్భస్రావం ఆయనకు అభ్యంతరం కాదు. పిల్ల నిర్ణయిస్తానంటేనే అది సమాజ పతనమవుతుంది.

హ్యూస్టన్ నర్సు
ఇంత సూటిగా ఇక్కడ ఎవరూ రాయలేదమ్మా.

ప్లేనో శాస్త్రి
కృష్ణాతీరంగారి పట్ల నాకు గౌరవం ఉంది, ఆమెకు జరిగినది దుర్మార్గం. కానీ ఒక అత్తగారి దుర్మార్గాన్ని చూపి, కుటుంబానికి మాట చెప్పే అర్హతే లేదనడం నేను అంగీకరించను. అవును, నిర్ణయంలో ఇంటివారికి భాగం ఉండాలనే అంటాను, దాచుకోవలసిన అవసరం నాకు లేదు. రేపు ఆ పిల్లకు జబ్బు చేస్తే రాత్రికి రాత్రి విమానం ఎక్కేది న్యాయమూర్తులా, ఈ వేదిక మీద నాకు నీతులు చెప్పినవారా? భారం పంచుకునేవాడికి మాటలో వాటా ఉండదంటే, ఇక కుటుంబమని ఎందుకు అనాలి?

రెండు వేలలో పుట్టినదాన్ని
మాట చెప్పడం వేరు, వీటో వేరు. మా నాన్న కూడా విమానం ఎక్కుతారు, వాటా అడగరు.

నిడదవోలు
పెద్ద తరం మారదని ఎవరైనా అనుకుంటే ఐర్లండ్‌ను చూడాలి. 2012 అక్టోబరులో అక్కడ గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంగా గర్భస్రావం చేయక, రక్తం విషమై మరణించిన సవితా హాలప్పనవర్ కర్ణాటక బెళగావి అమ్మాయి. 2018 మేలో నిషేధాన్ని తొలగించే ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, తన కూతురిని గుర్తుంచుకుని ఓటు వేయమని బెళగావి నుంచి ఐర్లండ్ ప్రజలను కోరినవాడు ఆమె తండ్రి. 66 శాతం మంది తొలగించమనే ఓటు వేశారు. ఆయన శాస్త్రిగారి కన్నా పెద్దవారే అయి ఉంటారు.

చట్టం చదివినవాడు
ఖచ్చితంగా చెప్పాలంటే 66.4 శాతం.

కృష్ణాతీరం
శాస్త్రిగారూ, ఒక్కటే అడుగుతాను. మీ అమ్మాయి వెళ్లే రాష్ట్రంలో ఏమి నేర్చుకోవాలనుకుంటున్నదో, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నదో మీరు ఆమెను అడిగారా? ఇక్కడ మమ్మల్ని అడిగారు కదా.

ప్లేనో శాస్త్రి
అడగలేదు. అడిగితే వెళ్లడానికి ఒప్పుకున్నట్లే లెక్క వేసుకుంటుంది, ఆమె తల్లి కూడా అలాగే వేసుకుంటుంది. సెప్టెంబరు వరకు సమయం ఉంది. టెక్సాస్‌లోనే ఈ విభాగంలో చేరిన తెలుగు పిల్లలు ఎవరైనా ఉంటే, వారి తల్లిదండ్రులు నాకు విడిగా సందేశం పంపగలరు.