కాంటనీస్ ఒక్క ఓటుతో ఓడిపోయిందా? చైనాలో భాష, జాతీయత గురించి ఒక సందేహం

హరిత:

అందరికీ నమస్తే. ఎం.ఏ. చరిత్రలో సెమినార్ పేపర్‌కి ఆధునిక చైనాలో భాషకూ జాతీయతకూ ఉన్న లంకె తీసుకున్నాను. రెండు చోట్ల ముందుకి కదలట్లేదు.

మొదటిది, ఏ వీడియో చూసినా ఒకటే కథ. చైనా రిపబ్లిక్ ఏర్పడిన కొత్తలో జాతీయ భాష ఏదని ఓటింగ్ పెడితే దక్షిణాదిన గ్వాంగ్‌జౌ వైపు మాట్లాడే కాంటనీస్ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయి ఉత్తరాది భాష మాండరిన్ గెలిచిందట. రిపబ్లిక్ నాయకుడు సన్ యట్‌సెన్ కాంటనీస్ మనిషై ఉండి కూడా మాండరిన్‌కే ఓటేశాడట. ఇందులో నిజమెంత?

రెండోది, ఈ మధ్య చైనా కమ్యూనిస్టు పార్టీ ప్రకటనల్లో "దేశ ఉమ్మడి భాష", "చైనా జాతి" ఎప్పుడూ జంటగానే కనిపిస్తాయి. రాజ్యాంగమేమో అన్ని జాతులకూ తమ భాష వాడుకునే స్వేచ్ఛ ఉందంటుంది. ఈ రెండూ ఎలా పొసుగుతున్నాయి? మొదటినుంచీ ఇలాగే ఉందా?

సుజాత:

హరిత గారూ, ఆ ఒక్క ఓటు కథ పేపర్లో పెట్టకండి. అలాంటి ఓటింగే జరగలేదు.

జరిగింది ఇదీ. 1913 ఫిబ్రవరిలో పెకింగ్ (ఇప్పటి బీజింగ్)లో ఉచ్చారణ ఏకీకరణ సభ మొదలైంది. చైనా లిపిలో ఒక అక్షరాన్ని ఒక్కో ప్రాంతం వాళ్లు ఒక్కోలా పలుకుతారు కదా, దేశమంతటికీ ఒకే ఉచ్చారణ తేల్చాలని ఆ సభ పెట్టారు. వాళ్లు ఓటేసింది ఈ భాషా ఆ భాషా అని కాదు, ఒక్కొక్క అక్షరం పలుకు మీద. అలా ఆరున్నర వేలకు పైగా అక్షరాలు తేల్చారు. ఇక సన్ యట్‌సెన్ అంటారా, సభ మొదలైన రోజుల్లో ఆయన జపాన్ పర్యటనలో ఉన్నాడు.

సభ మాత్రం మహా రసాభాసగా సాగింది. దక్షిణం వైపున్న జియాంగ్సు, జజియాంగ్ ప్రాంతాల ప్రతినిధులే ఎక్కువమంది ఉన్నారని ఉత్తరాది నాయకుడు వాంగ్ జావ్ పేచీ పెట్టి, ప్రాంతానికి ఒక ఓటు అనే పద్ధతి సాధించాడు. ఒకరోజు దక్షిణాది ప్రతినిధి ఒకాయన పక్కవాడితో తన యాసలో రిక్షా గురించేదో అన్నాడట. అది వాంగ్ జావ్ చెవికి బూతు మాటలా వినపడి, చొక్కా చేతులు పైకి మడుచుకుని మీదికి వెళ్లాడని ఆ సభ గురించి రాసినవాళ్లు చెబుతారు. ఒకే జాతికి ఒకే నోరు ఉండాలని కూర్చున్నవాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థంకాక కొట్టుకునేదాకా వెళ్లారు. ఇది మీ పేపర్లో తప్పకుండా పెట్టండి. "ఒకే భాష మాట్లాడే ప్రాచీన జాతి" అన్న మాట ఎంత ఆశో, ఎంత వాస్తవమో ఇక్కడే కనిపిస్తుంది.

చివరికి తేలిన ఉచ్చారణ ఉత్తరాదిలో పోయిన, దక్షిణాదిలో మిగిలిన ధ్వనుల్ని కూడా కలుపుకున్న మిశ్రమం. పుట్టుకతో దాన్ని మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. భాషావేత్త జావ్ యువెన్‌రెన్ దాన్ని నేర్చుకుని గ్రామఫోన్ రికార్డుల మీదకి ఎక్కించాడు. ఏళ్ల తరబడి ఆ భాష పలికింది తానొక్కడినేనని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మనిషి లేని భాషని బడిలో ఎవరు నేర్పుతారు? 1920లలో ఆ ప్రయత్నం వదిలేశారు. 1932లో వచ్చిన అధికారిక పదపట్టికతో పెకింగ్ పలుకే ప్రమాణమైంది.

ఇక మీ రెండో ప్రశ్న. మొదటినుంచీ ఇలాగే లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం కూడా అదే.

1930లలో కమ్యూనిస్టులే ఒకే జాతీయ భాష అన్న ఆలోచనని ఎదిరించారు. కమ్యూనిస్టు నాయకుడు, రచయిత ఛ్యూ ఛ్యూబాయ్ రాతలు చూడండి. పైనుంచి రుద్దే జాతీయ భాష మిగతా జాతుల్ని అణచడమేనని, రకరకాల ప్రాంతాల కూలీలు నగరాల్లో కలిసి పనిచేస్తూ తమలో తాము పుట్టించుకునే భాషే సామాన్యుల భాష అవుతుందని ఆయన వాదన. 1935లో అప్పటి గువోమిందాంగ్ (జాతీయవాద పార్టీ) ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. ఆయన వాడిన "పుతోంగ్‌హ్వా" (అందరి మాట) అనే పేరునే 1955, 56లో కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం ప్రామాణిక మాండరిన్‌కి అధికారికం చేసింది. కానీ పేరు కింద పెట్టిన సరుకు మారింది. బీజింగ్ ఉచ్చారణ, ఉత్తరాది మాండలికాల పునాది, ఆధునిక వాడుక భాషలో వచ్చిన మేటి రచనల వ్యాకరణం అని 1956 ఫిబ్రవరి ఉత్తర్వులో నిర్వచించారు.

అయినా అప్పటి గొంతు వేరు. పుతోంగ్‌హ్వా ప్రచారం మాండలికాల్ని నిషేధించడానికి కాదని 1958 జనవరిలో ప్రధాని జౌ ఎన్‌లై స్పష్టంగా చెప్పాడు. మైనారిటీ జాతులకి లిపులు తయారుచేసి ఇచ్చిన కాలం అది. చైనా కరెన్సీ నోటు చేతికొస్తే వెనక్కి తిప్పి పై అంచున చూడండి. పీపుల్స్ బ్యాంక్ పేరు రోమన్ అక్షరాల చైనీస్‌లోనూ, మంగోల్, టిబెటన్, ఉయ్‌గుర్, జువాంగ్ భాషల్లోనూ ఉంటుంది. మంగోల్ అక్షరాలు పైనుంచి కిందికి దిగుతాయి, ఉయ్‌గుర్ కుడినుంచి ఎడమకి నడుస్తుంది. 1955లో చలామణీలోకి వచ్చిన నోట్ల మీద మంగోల్, టిబెటన్, ఉయ్‌గుర్ మూడూ ఉన్నాయి, జువాంగ్ 1960లలో చేరింది. ఇప్పటికీ తీసెయ్యలేదు. ఆ నోటు ప్రకారం చైనా అంటే చాలా భాషల దేశం.

మారింది ఆ తర్వాత. 2000లో చేసిన భాషా చట్టంలో ఐదో అధికరణం చూడండి. ఉమ్మడి భాష వాడకం దేశ సార్వభౌమత్వానికీ, జాతి గౌరవానికీ, దేశ ఐక్యతకీ తోడ్పడాలని ఉంది. పనికోసం నేర్చుకునే భాష అక్కడ దేశభక్తి పరిధిలోకి వచ్చేసింది. 2014 నుంచి "చైనా జాతి ఉమ్మడి సమాజ స్పృహ" అనే నినాదం మొదలై, 2017లో పార్టీ నియమావళిలోకి ఎక్కింది. అప్పటినుంచి ఏ ప్రసంగంలోనైనా ఆ స్పృహ కలగాలంటే ముందు ఉమ్మడి భాష రావాలన్నదే వరస.

వెంకట్ ఆర్.:

సుజాత గారూ, చరిత్ర బాగా చెప్పారు. కానీ రెండో వైపు కూడా ఉంది. నేను ఫ్యాక్టరీ సరుకు పనిమీద దక్షిణ చైనాలోని షెన్‌జెన్ వైపు ఏళ్లుగా తిరుగుతున్నాను. ఒక్క అసెంబ్లీ లైన్ మీద హునాన్ పిల్ల, సిచువాన్ పిల్లాడు, గ్వైజౌ నుంచి వచ్చిన మియావ్ అనే మైనారిటీ జాతి కుర్రాడు పక్కపక్కన నిలబడతారు. ఊళ్లో భాష ఒక్కటే వస్తే వాళ్లకి ఆ పని దొరకదు, జీతం ఎగ్గొడితే అడగడానికి నోరూ ఉండదు. పుతోంగ్‌హ్వా వచ్చినవాళ్లు 2000లో సుమారు 53 శాతం, 2020కి 80.72 శాతం అని ప్రభుత్వ లెక్క. ఇది చిన్న విషయం కాదు. మైనారిటీ తల్లిదండ్రులు కూడా గావ్‌కావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష కోసం పిల్లల్ని చైనీస్ మీడియంలో వేస్తున్నారు. అన్నిట్లో కుట్ర చూడక్కర్లేదు.

సుజాత:

వెంకట్ గారూ, కుట్ర అని నేననలేదు. ఆ మియావ్ కుర్రాడికి పుతోంగ్‌హ్వా కావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. మొన్నటిదాకా "ఇది కూడా నేర్చుకో" అన్నవాళ్లు ఇప్పుడు "బడిలో ఇదే" అంటున్నారు. నా అభ్యంతరం అక్కడ.

నేను గ్వాంగ్‌జౌలో ఉన్న రోజుల్లో మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. అందరం ఆవిడని పోపో అనేవాళ్లం. రోజూ సాయంత్రం మనవరాలిని బడినుంచి తీసుకొచ్చేది. లిఫ్ట్‌లో అవ్వ కాంటనీస్‌లో అడుగుతుంది, పిల్ల పుతోంగ్‌హ్వాలో జవాబిస్తుంది. ఏం తిన్నావు, హోంవర్క్ ఎంత ఉంది లాంటి మాటలకి ఇబ్బంది లేదు. ఒకరోజు అవ్వ తన చిన్నప్పటి సంగతేదో మొదలుపెట్టింది. పిల్ల రెండు వాక్యాలు విని నా వైపు తిరిగి, "అవ్వ ఏమంటోంది ఆంటీ?" అని పుతోంగ్‌హ్వాలో అడిగింది. నాకూ కాంటనీస్ అంతంతమాత్రమే. అవ్వ ఇంకేం మాట్లాడలేదు. ఆ బడి గోడ మీద పుతోంగ్‌హ్వా మాట్లాడండి, ప్రామాణిక అక్షరాలు రాయండి, నాగరికులుగా మెలగండి అని రాసి ఉండేది. ఇంట్లో మాట నాగరికం కాదని ఆరేళ్ల పిల్లకి చెప్పడమేగా అది?

గుర్తుంచుకోండి, కాంటనీస్ వాళ్లు చైనాలో అధికసంఖ్యాకులైన హాన్ జాతివాళ్లే, వేర్పాటువాదం అన్న ప్రశ్నే లేదు. 2010లో ఆసియా క్రీడల ముందు నగర సలహా మండలి వాళ్లు గ్వాంగ్‌జౌ టీవీ ప్రధాన కార్యక్రమాల్ని పుతోంగ్‌హ్వాకి మార్చమని సూచిస్తే, జూలైలో జియాంగ్‌నాన్‌షీ మెట్రో స్టేషన్ దగ్గర జనం పోగై నిరసన తెలిపారు. కాంటనీస్‌ని తీసేసే ఉద్దేశం లేదని అధికారులు చెప్పుకోవాల్సి వచ్చింది. మెట్రోలో కాంటనీస్ ప్రకటన ఇప్పటికీ వినిపిస్తుంది.

మైనారిటీ జాతుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. 2020 ఆగస్టు చివర్లో చైనాలోని ఇన్నర్ మంగోలియా ప్రాంతంలో, మంగోల్ మీడియం బడుల్లో భాషా సాహిత్యం ఆ ఏడాదినుంచే, రాజకీయ పాఠం 2021 నుంచి, చరిత్ర 2022 నుంచి చైనీస్‌లోనే అని ప్రకటించారు. ఏ మూడు పాఠాలు ఎంచుకున్నారో గమనించండి. లెక్కలు కాదు, సైన్సు కాదు. "నేనెవరిని" అని పిల్లలు నేర్చుకునే మూడు పాఠాలూ అవే. ఉద్యోగాల కోసమే అయితే లెక్కలతో మొదలుపెట్టేవాళ్లు. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు, అరెస్టులు జరిగాయి. స్వతంత్ర మంగోలియా 1940లలో సిరిలిక్ లిపికి మారినా, నిలువు లిపిని బడిలో రోజూ దిద్దించి బతికించింది ఈ ఇన్నర్ మంగోలియా వాళ్లే.

టిబెటన్ పిల్లలకి టిబెటన్‌లో చదువు చెప్పించండని కోరిన తాషీ వాంగ్‌చుక్ అనే దుకాణదారు ఒక అమెరికన్ పత్రిక వీడియోలో మాట్లాడినందుకు 2016 జనవరిలో అరెస్టయ్యాడు. వేర్పాటువాదాన్ని రెచ్చగొట్టాడని 2018లో అయిదేళ్ల శిక్ష వేశారు. ఆయన అడిగింది రాజ్యాంగంలో రాసి ఉన్నదాన్నే.

అనిల్ కుమార్:

హరిత గారూ, తైవాన్ కూడా చూడండి. అక్కడా 1945 తర్వాత గువోమిందాంగ్ ఇదే భాషని "గువోయూ" (జాతీయ భాష) పేరుతో రుద్దింది, బడిలో తైవానీస్ మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవాళ్లు. 1987లో మార్షల్ లా ఎత్తేశాక పరిస్థితి మారుతూ వచ్చి, 2019 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఆదివాసీ భాషలు, హక్కా, తైవానీస్ అన్నిటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. ఇప్పుడు అక్కడ ఎక్కువమంది మాట్లాడేది మాండరినే. అయినా తమని చైనీయులుగా కాక తైవానీయులుగా చెప్పుకునేవాళ్లే ఎక్కువ. భాష ఒకటైతే జాతి ఒకటవుతుందన్న సూత్రం అక్కడ నిలబడలేదు.

హరిత:

ముగ్గురికీ చాలా థాంక్స్. సుజాత గారూ, ఒక్క మాట. రాజ్యాంగం మారలేదుగా, మరి చట్టపరంగా దీన్ని ఎలా సమర్థిస్తున్నారు?

సుజాత:

1982 రాజ్యాంగంలో రెండు అధికరణాలు పక్కపక్కన పెట్టుకోండి. నాలుగోది అన్ని జాతులకీ తమ భాష, లిపి వాడుకుని పెంపొందించుకునే స్వేచ్ఛ ఇస్తుంది. పంతొమ్మిదోది దేశమంతటా పుతోంగ్‌హ్వాని ప్రోత్సహించాలంటుంది. ఇన్నాళ్లూ రెండూ కలిసే నడిచాయి. జాతీయ ప్రాంతాల స్వయంపాలన చట్టం 37వ అధికరణం కూడా మైనారిటీ పిల్లలు ఎక్కువున్న బడుల్లో వీలున్నచోట వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పాలంటుంది. 2021 జనవరిలో జాతీయ ప్రజా కాంగ్రెస్ (చైనా పార్లమెంటు) శాసన వ్యవహారాల కమిషన్ తరఫున షెన్ చున్యావ్ ఒక నివేదిక చదివాడు. మైనారిటీ భాషల్లో బోధించాలని కొన్ని ప్రాంతాలు చేసుకున్న నిబంధనలు పంతొమ్మిదో అధికరణానికి విరుద్ధమని అందులో తేల్చారు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చలేదు, పంతొమ్మిదోదాన్ని నాలుగోదాని మీదకి ఎక్కించారు, అంతే. అదే ఏడాది శరదృతువు నుంచి మైనారిటీ ప్రాంతాల కిండర్‌గార్టెన్లలోనూ పుతోంగ్‌హ్వా వాడాలని విద్యాశాఖ చెప్పింది, అంటే మూడేళ్ల పిల్లల దాకా వచ్చింది.

మీ పేపర్‌కి 1958 జౌ ఎన్‌లై ప్రసంగం, 2000 చట్టం, ఈ 2021 నివేదిక వరసగా పెట్టుకుని చదవండి. మాండలికాల ప్రస్తావన ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లండి. ఇంగ్లిష్ అనువాదాలు దొరికినవి నా దగ్గర ఉన్నాయి, కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.