ఫారిన్ ఎయిడ్ కోసం కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే వింటారా?

కమ్మింగ్_కుర్రోడు:
నమస్తే అందరికీ. మేం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాం, ఇంకా హెచ్1బీ మీదే ఉన్నా. పేద దేశాలకిచ్చే ఎయిడ్ డబ్బులు కోసేయొద్దని మా కాంగ్రెస్‌మన్‌కి (మన దగ్గర ఎంపీ లాంటోడు) చెప్పాలనుంది. ఓటు లేనోడి మాట వింటారా? ఫోన్‌లో వీసా సంగతి అడుగుతారా? అసలేం మాట్లాడాలి? "పేదోళ్ళకి సాయం చేయండి సార్" అంటే ఎవడు పట్టించుకుంటాడు చెప్పండి.

పల్లీపట్టి:
మామూలుగా పేరు, జిప్‌కోడ్ అడుగుతారు అంతే. వాళ్ళ నియోజకవర్గంలో ఉంటే చాలు, ఓటుతో పనిలేదు. ఎత్తేది ఎవరో ఇంటర్న్ అయుంటారు, ఏ విషయం, కావాలంటున్నావా వద్దంటున్నావా అని రాసుకుంటారు, కాబట్టి ఉపన్యాసం వద్దు.

పైగా జార్జియాలో ఉన్నావు, మీ ఫిట్జ్‌జెరాల్డ్ ఊళ్ళోనే మానా అనే ఫ్యాక్టరీ ఉంది, తిండిలేక ఎముకల గూడైపోయిన పిల్లలకి పెట్టే పల్లీ పేస్టు చేస్తారు, అందులో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కూడా ఉంటాయి. ప్యాకెట్ 92 గ్రాములు, 500 క్యాలరీలు, వండే పనిలేదు నీళ్ళు కలిపే పనిలేదు, మూల చింపి పిల్లాడి నోట్లో పిండడమే. 2025 మొదట్లో దీని కాంట్రాక్టులు రద్దు చేసి, గోలయ్యాక మళ్ళీ ఇచ్చారు. ముందు మీ జార్జియా పల్లీ రైతుల సంగతి ఎత్తు, సూడాన్‌లో ఆకలితో ఉన్న పిల్లల సంగతి తర్వాత.

కూకట్‌పల్లి_టు_డల్లాస్:
ఇంట్లో ఈగల మోత బయట పల్లకీ మోత అన్నట్టుంది. ఇక్కడ ఇన్సూరెన్స్ కట్టలేక చస్తుంటే మన ట్యాక్సులు ఊరందరికీ పంచాలా?

వరంగల్_పిల్ల:
@కూకట్‌పల్లి ఫెడరల్ ఖర్చులో ఫారిన్ ఎయిడ్ ఒక శాతం అటూఇటూ, అంతే. సర్వేల్లో అడిగితే జనం పావు వంతు పోతోంది అనుకుంటున్నారు. అది మొత్తం ఆపినా నీ ప్రీమియం తగ్గదులే. మన పెద్దోళ్ళు బళ్ళో తిన్న కేర్ సంస్థ ఉప్మా, పాలపొడి ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావ్? అమెరికా నుంచే. అంత పాత సంగతెందుకు, హైదరాబాద్‌లో ట్రాన్స్ వాళ్ళ కోసం పెట్టిన మిత్ర్ క్లినిక్ 2025లో అమెరికా డబ్బు ఆగగానే మూతపడింది.

పల్లీపట్టి:
బడ్జెట్‌లో ఒకసారి పెడితే అయిపోయిందనుకోకండి, ఇచ్చింది వెనక్కి లాక్కోవచ్చు కూడా. 2025 జులైలో దాదాపు 900 కోట్ల డాలర్లు అలాగే రద్దు చేశారు, అందులో 800 కోట్ల దాకా ఫారిన్ ఎయిడే. కానీ అదే బిల్లులో హెచ్ఐవీ మందుల ప్రోగ్రాం పెప్ఫార్‌కి పెట్టిన 40 కోట్ల కోత మాత్రం సెనేట్‌లో తీసేశారు, ఎందుకంటే రిపబ్లికన్ సెనేటర్లే కొందరు అడ్డం తిరిగారు, 2003లో బుష్ మొదలెట్టిన స్కీం కదా మరి. అందుకే మీ ఇద్దరు సెనేటర్లకి కూడా ఫోన్ కొట్టు. అక్టోబర్ 1కి కొత్త ఆర్థిక సంవత్సరం, దానికి ముందే చెయ్యాలి. పిల్లల పోషకాహారానికి, పెప్ఫార్‌కి నిధులు తగ్గించొద్దు అని పేరుపెట్టి అడుగు, నిమిషంలో అయిపోవాలి.

కమ్మింగ్_కుర్రోడు:
థాంక్స్ అన్నా. వాయిస్‌మెయిల్‌కి పోతే లెక్కలోకి వస్తుందా?

పల్లీపట్టి:
వస్తుంది, జిప్‌కోడ్ మాత్రం చెప్పడం మర్చిపోకు, అది లేకపోతే బయటోళ్ళ కాల్ అనుకుని పక్కన పడేస్తారు.