అప్‌డేట్: కేర్ ప్లాన్ తిరగరాస్తూనే ఉండే సమస్య, చివరికి ఏం తేలిందంటే

నర్సింగ్ చదువుతున్నాను, కేర్ ప్లాన్ (పేషెంట్‌కి ఏ సమస్యకి ఏ సేవ చేయాలో రాసే ప్రణాళిక) ఎంత రాసినా తృప్తి లేక తిరగరాస్తూ రాత్రిళ్లు నిద్రపోవట్లేదని ఇక్కడ అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సైకాలజిస్ట్‌ని కలవమన్న సలహానే పనిచేసింది. థైరాయిడ్, రక్తహీనత టెస్టులు నార్మల్, టైమ్‌టేబుల్ యాప్ వల్ల తేడా ఏమీ రాలేదు.

తేలింది పర్‌ఫెక్షనిజం అని, అంటే ఏ లోపమూ ఉండకూడదన్న పట్టుదల. 1991లో హెవిట్, ఫ్లెట్ అనే పరిశోధకులు దీన్ని మూడు రకాలుగా చెప్పారు: మనం మన నుంచే కోరుకునేది, ఎదుటివాళ్ల నుంచి కోరుకునేది, అందరూ మన నుంచి కోరుకుంటున్నారని మనం అనుకునేది. నాది మూడోది.

సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) భాగంగా సైకాలజిస్ట్ ఒక పని చేయించారు. మందు డోసు, అలర్జీలు, పేషెంట్ గుర్తింపు మాత్రం రెండుసార్లు చూసుకోవాలి, మిగతాదంతా ఒక్కసారి రాసి అలాగే ఇచ్చేయాలి, ఇచ్చేముందు ఏం జరుగుతుందని భయమో కాగితం మీద పెట్టాలి. "మేడమ్ అందరి ముందు తిడతారు" అని రాశాను. తీరా ఇచ్చాక మా టీచర్ మేడమ్ నా కొట్టివేతల వైపు చూడనే లేదు, నొప్పి స్కోరు మళ్లీ ఎప్పుడు చూశావని మాత్రం అడిగారు.

జాగ్రత్త తగ్గితే పేషెంట్‌కి ప్రమాదం కాదా అని ఒకరు అడిగారు. నా భయమూ అదే, కానీ నిద్ర లేకుండా డోసు లెక్క వేయడం అంతకంటే ప్రమాదం. టెన్షన్ పూర్తిగా పోలేదు, సెషన్లు నడుస్తున్నాయి, రికార్డులు మాత్రం గడువులోపే ఇస్తున్నాను.