చర్చ: వంతెన కథల్లో కూలివాడికి మాట దక్కిందా?

మూసీవాసి:
ఆంగ్ల రచయిత కిప్లింగ్ 1893 నాటి కథ ‘ది బ్రిడ్జ్ బిల్డర్స్’లో గంగపై వంతెన కడుతుండగా వరద వస్తుంది, ఆ రాత్రి దేవతలు కొలువుదీరి, దానిని ఉంచాలా కూల్చాలా అని వాదించుకుంటారు. కూల్చమని పట్టుబట్టేది గంగమ్మ. సామ్రాజ్య నిర్మాణాలను ఎదిరించేది పాత నమ్మకం మాత్రమే అన్నట్టు చూపడం ఈ కథ చేసిన అన్యాయం. మన హైదరాబాదులోనే, 1883లో, చాందా (నేటి చంద్రపూర్) రైలు పథకంపై బహిరంగ చర్చ కోరినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను నిజాం ప్రభుత్వం బహిష్కరించింది. ఆయన అడిగింది లెక్కలు.

గోదావరిబిడ్డ:
ఆ కథలో వంతెన పని చేసే కళాసీ (ఓడ పనివాడు) పెరూను మీరు దాటవేశారు. అతని పనితనానికి ఎంత ఇచ్చినా తక్కువేనన్నట్టు రచయితే రాశాడు. ఇక మా సంగతి చెబుతాను: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మా పూర్వులు నిలదొక్కుకున్నారు. కాటన్‌ను భగీరథుడిగా స్మరించే శ్లోకం మా ఇంట్లో నేటికీ చదువుతారు.

పాతపుస్తకం:
ప్రశ్న కథ గురించి. కాటన్‌పై వేరే చర్చ పెట్టుకోండి.

మూసీవాసి:
పెరూ ఉన్నాడు, కాదనను. వంతెనను తనదనుకున్నాడు కనుకే అతనికి మాటలు దక్కాయి; కూలి చాలదన్నవాడికి ఒక్క వాక్యమైనా దక్కిందా? గూడెం కొండల్లో గిరిజనుల చేత చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారి కోపానికి అడవి చట్టాలతో పాటు ఆ రోడ్డూ కారణమే.

గోదావరిబిడ్డ:
పెరూ గురించి అడిగితే కొండలెక్కారు. రైళ్లకన్నా కాలువలకే డబ్బు పెట్టమని కాటన్ తన ప్రభుత్వంతోనే వాదించాడు. అతన్నీ, ఆ రోడ్డు వేయించిన అధికారినీ ఒకే గాటన కట్టడం మా తాతలకు అవమానం.

కొండగాలి:
మా నాన్నగారి పొలం రోడ్డు కింద పోయింది. పరిహారం అడగడానికి వెళ్లిన ప్రతిసారీ, ‘రోడ్డు మీకోసమే కదా’ అన్నారు. ఆ రోడ్డు మీద మేమూ బస్సెక్కుతాం. అంతమాత్రాన అడగకూడదా?

గోదావరిబిడ్డ:
మీకు జరిగింది అన్యాయమే, కానీ దానికి కాటన్ బాధ్యుడు కాడు. మూసీవాసి గారూ, సూటిగా చెప్పండి: ఆ నీటితో బతికిన మేము కృతజ్ఞత చెప్పుకోవడమే మీకు తప్పుగా తోస్తోందా?

మూసీవాసి:
కృతజ్ఞత మీ హక్కు. మట్టి మోసినవారి తరఫున కూడా దాన్ని మీరే చెప్పేయడం నాకు సమ్మతం కాదు. కిప్లింగ్‌పై నా అభ్యంతరమూ అదే.

గోదావరిబిడ్డ:
మట్టి మోసినవారిలో మా ఊళ్లవారూ ఉన్నారు. వారి తరఫున ఫిర్యాదు చెప్పే హక్కు మీకు మాత్రం ఎవరిచ్చారు?