జీతం లేని ఇంటి సాయాన్ని ఉపాధి అనొచ్చా? మన నిరుద్యోగ లెక్కను అమెరికాతో పోల్చడం సబబేనా?

గాజువాక కుర్రాడు:
కేంద్ర ప్రభుత్వం చేసే ఉపాధి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) ప్రకారం 2023-24లో మన నిరుద్యోగం 3.2 శాతం. అమెరికాలో అదే కాలానికి 4 శాతానికి అటూ ఇటూ. మనమే నయమని ఫ్రెండ్ ఒకడు ఎగిరెగిరి పడుతున్నాడు. జాలరిపేటలో అత్తగారి ఎండుచేపల బేరానికి చేపలు ఆరబెట్టి, ఏరిపెట్టే కోడలికి పైసా జీతం ఉండదు. సర్వేలో ఆమె 21వ కోడ్, అంటే ‘జీతం లేని కుటుంబ సహాయకురాలు’, ఉపాధి ఉన్నట్టే. ఇది గారడీ కాదా?

లెక్కల మాస్టారు, ఎంవీపీ కాలనీ:
గారడీ అనకు బాబూ. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసేవాళ్ళను ఎన్ని గంటలు చేశారని చూడకుండా ఉపాధిలో కలపాలని 1982లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశమే చెప్పింది. పాటించనిది అమెరికాయే. అక్కడ అలాంటివాళ్ళు వారంలో కనీసం 15 గంటలు చేయాలి. దక్షిణ కొరియాలో 18.

అసలు తిరకాసు వేరే ఉంది. నువ్వు చెప్పిన 3.2 ఏడాది మొత్తాన్ని చూసి తేల్చిన ‘సాధారణ స్థితి’ లెక్క. అమెరికాది వారం లెక్క. మన వారం లెక్క ఆ ఏడాది 4.9. పోలిస్తే దాన్ని పోల్చాలి.

హార్బర్ వాసు:
మాస్టారు చెప్పిన తేడా మా దగ్గర కళ్ళకు కనబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే. మే నెలలో సర్వే వాళ్ళొచ్చి ‘పోయిన వారం ఏం చేశావు’ అంటే, కూలి పని వెతుక్కుంటున్న కళాసీ (బోటు మీద పనిచేసేవాడు) నిరుద్యోగే. ఏడాది లెక్కలో మాత్రం నిక్షేపంగా ఉపాధి ఉన్నవాడు. రెండూ నిజమే కదండీ!

రుషికొండ సుధ:
మీరంతా రేటు దగ్గరే ఆగిపోయారు. ఎవరు ఏ కోవలోకి వస్తారన్నది ఇంకా గందరగోళం. అమెరికాలో సొంత వ్యాపారాన్ని ఇన్‌కార్పొరేట్ చేసుకున్నవాడు, అంటే చట్టప్రకారం కంపెనీగా నమోదు చేసుకున్నవాడు, గణాంకాల్లో జీతగాడు. యాప్ చెప్పిన రేటుకి బైక్ మీద తిరిగే డెలివరీ కుర్రాళ్ళలాంటి వాళ్ళ కోసం 2018లో ‘ఆధారపడిన కాంట్రాక్టర్’ అనే అంతర్జాతీయ వర్గం వచ్చింది. మన 2020 సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం ఇలాంటి గిగ్ వర్కర్‌ని నిర్వచించింది. సర్వేలో పని రకాన్ని చెప్పే 11, 12, 21, 31, 51 లాంటి కోడ్లలో మాత్రం వాళ్ళకంటూ గడి లేదు.

గాజువాక కుర్రాడు:
వారం లెక్క సంగతి ఒప్పుకున్నాను మాస్టారూ. కానీ కోడలి మాట దాటేశారు. ఆమె అమెరికాలో ఉంటే?

లెక్కల మాస్టారు:
వారంలో 15 గంటలైనా చేస్తే ఉపాధి ఉన్నట్టే. చేయకపోతే, వేరే పని వెతుకుతుంటే నిరుద్యోగి, లేకపోతే శ్రామిక శక్తిలోనే (పనిలో ఉన్నవాళ్ళు, పని వెతికేవాళ్ళు కలిపిన లెక్కలో) ఉండదు. నీ అనుమానానికి బలం ఇక్కడ ఉంది: మన దేశంలో 2017-18లో 23.3 శాతం ఉన్న మహిళా శ్రామిక భాగస్వామ్యం, అంటే ఆ శ్రామిక శక్తిలో ఉన్న మహిళల శాతం, 2023-24కి 41.7 అయింది. పెరుగుదలలో పెద్ద వాటా స్వయం ఉపాధిదే, 21వ కోడ్ కూడా అందులోదే.

గాజువాక కుర్రాడు:
అయితే ఆ కోడ్‌ని విడదీసి చూపించకుండా ‘మహిళా ఉపాధి పెరిగింది’ అంటే నేను నమ్మను.

హార్బర్ వాసు:
విడదీయమను, బాగానే ఉంటది. తీసేయమని మాత్రం అనకు తమ్ముడూ. ఆ కోడలు చేయి వేయకపోతే ఆ ఇంట్లో బేరమే సాగదు.