‘ఎ బ్యూటిఫుల్ డే ఇన్ ద నైబర్‌హుడ్’: చివర్లో పియానో మీద ఆ మోత ఎందుకు?

ఆదివారం ప్రేక్షకురాలు:

మిత్రులకు నమస్కారం. మరియెల్ హెల్లర్ దర్శకత్వంలో 2019లో వచ్చిన ఈ చిత్రాన్ని నేను ఆలస్యంగా, మొన్ననే చూశాను. అమెరికాలో 1968 నుంచి 2001 దాకా పసిపిల్లల కోసం టెలివిజన్ కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ జీవితకథ అనుకుని కూర్చున్నాను. తీరా చూస్తే కథంతా ఆయన గురించి ఓ చిన్న వ్యాసం రాసుకురమ్మని పత్రిక పంపిన లాయిడ్ వోగెల్ అనే విలేకరిది. ఎవరి గురించి రాసినా లొసుగు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి అతడు. పైగా, సోదరి పెళ్లిలో కన్నతండ్రి మీద చెయ్యి చేసుకుని, ముక్కు మీద గాయంతో రోజర్స్ ముందుకు వస్తాడు.

నా ఇబ్బంది ఏమిటంటే, లాయిడ్‌తో పాటు నేను కూడా సినిమా పొడవునా రోజర్స్‌లో ఏదో ఒక లోపం కోసం వెతుకుతూనే ఉన్నాను. టామ్ హాంక్స్ ఎక్కడా చిక్కలేదు. చివరికి షూటింగ్ ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఆయన ఒక్కడే పియానో ముందు కూర్చుని మెల్లగా వాయిస్తూ, ఉన్నట్టుండి ఎడమవైపు మెట్లన్నిటినీ ఒక్కసారిగా మోది, మళ్లీ ఏమీ జరగనట్టు వాయించుకుంటాడు. అంతకాలం దాచుకున్న కోపం అక్కడ బయటపడిందని అర్థం చేసుకోవాలా? ఆయన మనసులోకి మనల్ని ఒక్కసారి కూడా తీసుకువెళ్లకపోవడం కథనంలోని లోపమని మీకు అనిపించలేదా?

డెస్కు మనిషి:

అది దాచుకున్న కోపం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మోత గురించి సినిమా మనకు ముందే చెప్పి ఉంచింది. కోపం వచ్చినప్పుడు ఎవరినీ నొప్పించకుండా దాన్ని వెళ్లగక్కే దారులు చాలా ఉన్నాయంటూ, మట్టిముద్దను పిసకవచ్చు, శక్తికొద్దీ ఈత కొట్టవచ్చు, పియానో మంద్రస్థాయి మెట్లన్నీ ఒకేసారి నొక్కవచ్చు అని రోజర్సే వివరిస్తాడు. ఇంతటి మహాత్ముడితో కాపురం ఎలా ఉంటుందని లాయిడ్ అడిగినప్పుడు ఆయన భార్య జోన్ ఆ మాటనే ఇష్టపడదు. మహాత్ముడు అనేస్తే ఆ మంచితనం మిగతావాళ్లకు అందనిదైపోతుందని, నిజానికి ఆయనకూ కోపం వస్తుందని, అదంతా రోజూ పట్టుబట్టి చేసే సాధన అని ఆమె చెబుతుంది. చివరి దృశ్యంలో మనం చూసేది ఆ సాధనే.

అసలు పిల్లల కోపం ఆయనకు ఎప్పటి నుంచో ఇష్టమైన విషయం. ప్రభుత్వ టెలివిజన్‌కు కేటాయించిన 2 కోట్ల డాలర్లకు కోత పడే పరిస్థితి వచ్చినప్పుడు, 1969లో సెనేట్ ఉపసంఘం ముందు హాజరై, ఛైర్మన్ జాన్ పాస్టోర్ ఎదుట ఆయన చదివి వినిపించింది కోపాన్ని ఏం చేసుకోవాలో పిల్లలకు చెప్పే తన పాటనే. కటువుగా మాట్లాడతాడని పేరున్న ఆ సెనేటర్ కరిగిపోయి, ఆ డబ్బు మీకు దక్కినట్టేనని అక్కడికక్కడే అనేశాడు.

గుడారం దృశ్యం మీకు గుర్తుందా? కెమెరా ముందు ఆయన గుడారం వేయబోతాడు. కడ్డీలు ఒకచోట నిలవవు, గుడ్డ జారిపోతుంది, ఎంతసేపటికీ అది గుడారం కాదు. మళ్లీ తీద్దామని సిబ్బంది అంటే వద్దంటాడు. పెద్దవాళ్లు అనుకున్నవి కూడా ఒక్కోసారి కుదరవని పిల్లలకు తెలియాలి కదా అంటాడు. మీరు వెతికిన లోపం అక్కడ ఉంది, కాకపోతే ఆయన దాన్ని దాచలేదు.

పిట్స్‌బర్గ్ తెలుగు:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ఈ ఊరివాడిగా నాలుగు మాటలు చేరుస్తాను. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర స్థిరపడ్డ మా తరం కుటుంబాల్లో చాలామంది పిల్లల్లాగే మా అబ్బాయి కూడా ఇంగ్లీషు వినడం మొదలుపెట్టింది రోజర్స్ నోటనే. ఇంటికి రాగానే కోటు విప్పి ఉన్ని స్వెటర్ వేసుకోవడం, బూటును ఒక చేతిలోంచి రెండో చేతిలోకి విసరడం చూసి, వాడు తన చెప్పులను అలాగే విసిరి దీపం చిమ్నీ పగలగొట్టాడు.

ఆ కార్యక్రమం తయారైన డబ్ల్యూక్యూఈడీ స్టూడియోలోనే సినిమాను తీశారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కథ మారేటప్పుడు కనిపించే బొమ్మ ఇళ్లు, బొమ్మ కార్లు, బొమ్మ విమానాలు కూడా పాత కార్యక్రమపు ధోరణిలోనివే. అంటే సినిమా మొత్తం రోజర్స్ నడిపే ఒక భాగంలా, లాయిడ్ అందులో ఆయన మనకు పరిచయం చేసే స్నేహితుడిలా అల్లారు. హాంక్స్‌కు ఆస్కార్ నామినేషన్ సహాయ నటుడి విభాగంలో రావడానికి కారణం ఇదే. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కార్యక్రమం నడిపేవాడి మనసులోకి పిల్లవాడు వెళ్లడు, ఆయనే పిల్లవాడి మనసులోకి వస్తాడు.

హోటల్ దృశ్యం మాత్రం వేరే చెప్పాలి. మనల్ని ప్రేమించి ఇంతవాళ్లను చేసినవారిని ఒక్క నిమిషం తలచుకుందామని రోజర్స్ అడుగుతాడు. గిన్నెల చప్పుడు, మాటలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. కెమెరా నెమ్మదిగా హాంక్స్ ముఖం మీదికి వెళుతుంది, ఆయన చూపు లాయిడ్ నుంచి తప్పుకుని నేరుగా మన మీద పడుతుంది. పక్క బల్లల దగ్గర కూర్చున్నవారిలో అసలు జోన్ రోజర్స్, కార్యక్రమంలో తపాలా మోసే మెక్‌ఫీలీగా నటించిన డేవిడ్ న్యూవెల్ కూడా ఉన్నారు. 1997లో ఎమీ జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ రోజర్స్ నిజంగానే పది సెకన్ల మౌనం అడిగి, గడియారం నేను చూస్తానని చెప్పి, సభలో చాలామందికి కళ్లు చెమ్మగిల్లేలా చేశాడు.

మాజీ విలేకరి:

అందరూ మెచ్చుకుంటున్న చోట అపస్వరం పలుకుతున్నందుకు క్షమించండి. దీనికి ఆధారం 1998 నవంబరు ఎస్క్వైర్ సంచికలో టామ్ జునోడ్ రాసిన వ్యాసం. అందులో పెళ్లిలో కొట్లాట లేదు, తండ్రితో వైరం లేదు. అవి సినిమా కోసం పుట్టినవి కాబట్టే పాత్రకు తన పేరు వద్దని జునోడ్ అడిగాడు. అలాగే తన కోసం ప్రార్థించమని రోజర్స్ కోరింది సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక కుర్రవాణ్ని. సినిమా ఆ కోరికను మరణశయ్య మీది తండ్రి చెవిలో గుసగుసగా మార్చింది.

మార్పులతో నాకు పేచీ లేదు. నాకు నచ్చనిది విలేకరి అనుమానాన్ని చిన్ననాటి గాయానికి ముడిపెట్టడం. పేరుమోసిన ఒక దాత గురించి ఒకప్పుడు నేనూ రాశాను. ఆయన మంచివాడేనని మూడో రోజుకు నాకు నమ్మకం కుదిరింది, అయినా నాలుగో రోజు వెళ్లి లెక్కల పుస్తకాలు అడిగాను. మా నాన్నతో నాకు ఏ గొడవా లేదు, అడగడం నా పని, అంతే. లాయిడ్ మెత్తబడిన కొద్దీ మంచి కొడుకు, మంచి తండ్రి అవుతాడు, సంతోషమే; కానీ మంచి విలేకరి అయ్యాడో లేదో సినిమా పట్టించుకోలేదు.

ఆదివారం ప్రేక్షకురాలు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి చివరి పది నిమిషాలు మళ్లీ పెట్టుకుని చూశాను. మాజీ విలేకరి గారి ఫిర్యాదు న్యాయమైనదే అనిపించింది, కానీ లాయిడ్ రోజర్స్‌ను ప్రశ్నలు అడగడం ఎప్పుడూ మానలేదు. జవాబుకు బదులు ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు విసుక్కోవడం మాత్రమే మానాడు. పియానో సంగతికి వస్తే, మొదటిసారి ఆ మోతకు ఉలిక్కిపడి నేను ఆయన ముఖం చూడనేలేదు. ఈసారి చూశాను. కోపం జాడ లేదు, చేయాల్సిన పని ఒకటి పూర్తి చేసినవాడిలా ఉన్నాడు.